పట్టా లేని ప్రోగ్రామరు

కాలేజీ చదువు లేకుండా ప్రోగ్రామింగ్ నేర్చుకుంటానని పిల్లలంటే మన ఇళ్ళల్లో ఇప్పటికీ మింగుడుపడదు. నిజానికి ఇది మనకు కొత్తేం కాదు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోర్సులు చేసి అమెరికా విమానం ఎక్కినవాళ్ళు మనలో ఎంతమంది లేరు! పట్టా సివిల్‌దో మెకానికల్‌దో. అన్నం పెట్టింది మాత్రం ఆ ఇరుకు గదుల్లో నేర్చిన జావానో ఒరాకిలో.

అయితే అమీర్‌పేట చేతికిచ్చింది ఉద్యోగానికి సరిపడా పనితనం. కాలేజీలో ఇష్టం ఉన్నా లేకున్నా డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్కులు చదివిస్తారు. సొంతంగా నేర్చుకునేవాళ్ళు సరదాగా ఉన్నవి పట్టుకుని ఇవి వదిలేస్తారు. ఆ లోటు మొదటి ఉద్యోగంలో తెలియదు. లక్షమంది ఒకేసారి వాడినప్పుడు ప్రోగ్రాం ఎందుకు మొరాయించిందో చెప్పాల్సి వచ్చినప్పుడు బయటపడుతుంది.

ఆ లోటు పూడ్చుకోవడానికి నేను ముందుగా చెప్పేది 'నాండ్ టు టెట్రిస్'. నోమ్ నిసాన్, షిమోన్ షాకెన్ రూపొందించిన కోర్సు ఇది. పుస్తకం 2005లో వచ్చింది. ప్రాజెక్టులు, వాటికి కావలసిన సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతాయి. నాండ్ అనే ఒకే ఒక్క గేటుతో మొదలుపెట్టి కూడికలు చేసే చిప్, మెమరీ, ప్రాసెసర్, అసెంబ్లర్, కంపైలర్, బుల్లి ఆపరేటింగ్ సిస్టమ్ దాకా అన్నీ మనమే కట్టాలి, సిమ్యులేటర్‌లోనే అనుకోండి. ఓపిక కావాలి. పూర్తిచేసిన పిల్లకి మాత్రం కంప్యూటర్‌లో మాయంటూ ఏమీ మిగలదు.

కోడు రాయడం ఒకటి, దాన్ని నిలబెట్టడం ఇంకొకటి. మన ఫోన్లలో ఉండే ఎస్‌క్యూలైట్ డేటాబేసు అసలు కోడు సుమారు లక్షన్నర లైన్లు. దాన్ని పరీక్షించడానికి రాసిన కోడు అంతకు 590 రెట్లు! అసలు కోడు ఎవరైనా తెరిచి చదవొచ్చు. చదివితే చాలదు, మనం రాసినదాన్ని తెలిసినవాళ్ళు తప్పుపట్టాలి. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఆ పని మొహమాటం లేకుండా జరుగుతుంది. మన తెలుగువాళ్ళలోని సీనియర్లూ ఇందుకు పూనుకోవచ్చు.

ఇక్కడ అమెరికాలో ఉన్న మన పిల్లలకు తలుపులు కాస్త తెరుచుకున్నాయి: మేరీల్యాండ్ 2022లో, పెన్సిల్వేనియా 2023లో చాలా రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకు నాలుగేళ్ళ డిగ్రీ నిబంధన తీసేశాయి. ఊళ్ళో ఉన్న మేనల్లుడికి మాత్రం ఇదే సలహా ఇవ్వకండి. అమెరికా ఉద్యోగ వీసా హెచ్-1బికి డిగ్రీగానీ దానికి సమానమైన అనుభవంగానీ ఉండాలి. తక్కువైన ఒక్కో ఏడాది చదువుకు మూడేళ్ళ అనుభవం చూపాలి. నాలుగేళ్ళ డిగ్రీకి బదులుగా 12 ఏళ్ళన్నమాట. అదీ వృత్తి స్థాయి అనుభవమేనని నిరూపించాలి. ఇటు రావాలనుంటే వాడు బీటెక్‌లో చేరడమే మేలు. నాండ్ గేట్లు సాయంత్రాలు కట్టుకోవచ్చు.