420: అక్కడ పండగ, ఇక్కడ తిట్టు

అమెరికాలో కొలరాడో రాష్ట్రం గుండా పోయే ఐ-70 హైవే మీద 420వ మైలు బోర్డు నిలిచేది కాదు. పెట్టడమే తడవు, ఎవరో పీక్కుపోయేవారు. రోడ్ల శాఖ విసిగిపోయి చివరికి 419.99 అని రాయించింది. ఇదంతా గంజాయి మహిమ. 1971లో కాలిఫోర్నియాలోని శాన్ రఫేల్ హైస్కూలు కుర్రాళ్ళు కొందరు, ఎవరో వదిలేశారన్న గంజాయి మడిని వెతకడానికి సాయంత్రం 4.20కి కలుసుకునేవారు. మడి దొరకలేదు. అంకె మాత్రం లోకమంతా పాకి, ఏప్రిల్ 20 గంజాయి ప్రియుల పండగైపోయింది.

అదే అంకెతో హిందూపురంలోనో ధర్మవరంలోనో ఎవరినైనా పిలిచి చూడండి, కొట్లాటకొస్తారు. మోసానికి పాత శిక్షాస్మృతిలో ఉన్న సెక్షన్ అది. 2024 జూలై 1 నుంచి సెక్షన్ 318కి మారిపోయింది గానీ, ‘త్రీవన్‌ఎయిట్‌గాడు’ అని తిట్టినవాణ్ణి నేనింకా చూడలేదు.

దేవానంద్ ‘హరే రామ హరే కృష్ణ’ వచ్చిందీ ఆ 1971లోనే. మత్తు చేటని చెప్పబోయిన సినిమాలోంచి జనం ‘దమ్ మారో దమ్’ పాటను ఏరుకున్నారు. ఆకాశవాణి ఆ పాటను నిషేధించింది. ఆగిందా మరి! జమైకాలో గాయకుడు పీటర్ టోష్ 1976లో గంజాయిని చట్టబద్ధం చేయమంటూ ఏకంగా ఆల్బమే తెచ్చాడు. ఆ మాట చెప్పిన పాటకు అక్కడా నిషేధమే. 2015లో ఆ దేశం చట్టాన్ని సడలించింది. టోష్ 1987లోనే హత్యకు గురయ్యాడు.

అందరికంటే ముందు గంజాయి మంచిచెడుల లెక్క తేల్చడానికి కూర్చున్నది మాత్రం మన గడ్డమీదే. 1893లో బ్రిటిష్ సర్కారు వేసిన గంజాయి విచారణ సంఘం దేశమంతా తిరిగి దాదాపు 1,200 మంది సాక్షులను విచారించి, మరుసటేడు ఏడు సంపుటాల నివేదిక ఇచ్చింది. మన పెనుకొండ తాలూకా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే కాబట్టి ఆ విచారణ పరిధిలోకి మనమూ వస్తాం. మితంగా వాడితే పెద్ద హాని లేదు, పూర్తి నిషేధం వద్దు, పన్ను వేసి అదుపులో పెట్టండి అని సంఘం తేల్చింది. నిషేధం ఎత్తేసి, సర్కారు అదుపులో అమ్మేలా దేశమంతటికీ చట్టం చేసిన మొదటి దేశం ఉరుగ్వే, 2013లో. అంటే 119 ఏళ్ళ తర్వాత! మనం ఈలోగా ఎదురుదారి పట్టాం. 1985 మత్తుమందుల చట్టం ప్రకారం పూమొగ్గ గంజాయి కింద లెక్క, నేరం. విడి ఆకు గంజాయి కాదు. అందుకే ఉత్తరాదిన సర్కారు లైసెన్సుతో భంగు దుకాణాలు నడుస్తున్నాయి. ఒకే మొక్క, ఒకే కొమ్మ! 20 కిలోలు దాటిన గంజాయితో దొరికితే మాత్రం పదేళ్ళకు తక్కువ కాకుండా జైలు.

తగలబెట్టడంలో కూడా మన రాష్ట్రం చిన్నదేం కాదు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు ఒక్కచోటే 2 లక్షల కిలోలకు నిప్పు పెట్టారు. ఆ విశాఖ వైపు నుంచి బెంగళూరు పోయే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగానే వెళుతుంది. దూరం అనుకోవడానికి లేదు.

తెలుగు తెరమీద ఈ సరుకుకు కలిసిరాలేదు. 2024 ఫిబ్రవరిలో, సాయిధరమ్ తేజ్ హీరోగా ప్రకటించిన ‘గాంజా శంకర్’ పేరులోంచి ఆ మొదటి మాట తీసేయమని తెలంగాణ నార్కోటిక్స్ బ్యూరో నోటీసిచ్చింది. 2025 సెప్టెంబరులో క్రిష్, అనుష్క ‘ఘాటి’లో తూర్పు కనుమల గంజాయి మోతగాళ్ళ కథ చెబితే అంతగా ఆడలేదు. ఎర్రచందనం దుంగ అదృష్టం వేరు. అదీ దొంగసరుకే. సినిమాలో దాన్ని మోసిన పుష్పరాజు వేషానికి, ఉత్తమ నటుడిగా తెలుగు హీరోకు తొలి జాతీయ అవార్డు వచ్చింది.