ప్లేట్‌లెట్లు తగ్గాయా? బి12 కూడా చూపించుకోండి

ప్లేట్‌లెట్లు తగ్గాయనగానే మనకు ముందుగా గుర్తొచ్చేది డెంగీ. కానీ జ్వరం లేకుండా, నెలల తరబడి అవి తక్కువగానే ఉంటే వేరే కారణాలు వెతకాలి. వాటిలో రెండింటి గురించి, వాటి మధ్య ఉన్న చుట్టరికం గురించి ఈసారి చెప్పుకుందాం.

మన శరీరంలోని రక్షణ వ్యవస్థ రోగక్రిములతో పోరాడాలి. ఒక్కోసారి అది పొరబడి సొంత కణాల మీదే పడుతుంది. ప్లేట్‌లెట్ల మీద పడితే ఐ.టి.పి. అంటాం. మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండవలసిన ప్లేట్‌లెట్లు లక్ష కంటే తగ్గిపోతాయి. చర్మంపై ఎర్రటి చుక్కలు, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం, నెలసరిలో అధిక రక్తస్రావం కనిపించవచ్చు.

అదే దాడి జీర్ణాశయం లోపలి పొర మీద జరిగితే పర్నీషియస్ ఎనీమియా వస్తుంది. ఆహారంలోని బి12 ఒంటబట్టాలంటే అక్కడ ఊరే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే పదార్థం కావాలి. అది లేకపోతే గుడ్లు, పాలు, మాంసం ఎంత తిన్నా ఫలితం ఉండదు. నీరసం, ఆయాసం, నాలుక మంట, అరికాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలడం దీని లక్షణాలు.

ఇలా శరీరం తన మీదే తిరగబడే జబ్బు ఒకటి ఉన్నవారికి ఇంకొకటి వచ్చే అవకాశం ఎక్కువ. కొందరిలో ఈ రెండూ కలిసే కనిపించాయి. ఇంకో చిక్కు ఉంది. బి12 బాగా తగ్గితే, ఐ.టి.పి. లేకపోయినా ప్లేట్‌లెట్లు తగ్గవచ్చు. మందులు మాత్రం వేరు: ఐ.టి.పి.కి స్టెరాయిడ్లు అవసరం కావచ్చు, బి12 లోపానికి బి12 ఇంజెక్షన్లు కావాలి. ఐ.టి.పి.లో సాధారణంగా ప్లేట్‌లెట్లు మాత్రమే తగ్గుతాయి. వాటితోపాటు హిమోగ్లోబిన్ తగ్గి, ఎర్రకణాలు పెద్దవిగా ఉంటే బి12 పరీక్ష తప్పనిసరి.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. పర్నీషియస్ ఎనీమియా ఉన్నవారికి అది ఇస్తే రక్తం పెరిగింది గానీ, నరాల జబ్బు ఆగలేదు. నరాలను కాపాడే బి12ను 1948లో వేరుచేశారు. అందుకే బి12 సంగతి తేలకుండా ఫోలిక్ యాసిడ్ బిళ్లలు ఒక్కటే సొంతంగా వాడవద్దని మా మనవి. ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా పూడదు.

స్టెరాయిడ్లు వాడుతున్నవారు వాటిని హఠాత్తుగా ఆపకండి. డాక్టరును అడగకుండా ఆస్పిరిన్ వేసుకోకండి. రక్తం ఆగకపోయినా, తీవ్రమైన తలనొప్పి వచ్చినా వెంటనే ఆసుపత్రికి రండి. పర్నీషియస్ ఎనీమియా అని తేలితే, ఒంట్లో బాగున్నా బి12 మందును జీవితాంతం మానకూడదు.