ధాన్యపు రాశిలో తడి

హరాం అనగానే పంది మాంసం, మద్యం గుర్తొస్తాయి. ఇస్లాం నిషేధాల చిట్టా అక్కడితో అయిపోదు. అది సంతలోకి, తక్కెడ దగ్గరికి, అప్పు పత్రం మీదికి, చివరికి జనాజా, అంటే అంత్యక్రియల దాకా మనిషి వెంట వస్తుంది.

మదీనా సంతలో ఒక వ్యాపారి ధాన్యం రాశి పోసుకుని కూర్చున్నాడు. పైన గింజ చక్కగా ఎండి ఉంది. అటుగా వచ్చిన ముహమ్మద్ ప్రవక్త రాశిలోకి చెయ్యి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వాన పడిందన్నాడు వ్యాపారి. తడిసిన గింజను పైనే ఉంచితే కొనేవాళ్లకు కనబడేది కదా అన్నారు ప్రవక్త. మోసం చేసేవాడు తనవాడు కాడని తేల్చి చెప్పారు.

వాన పడటం వ్యాపారి తప్పు కాదు. తడిసిన ధాన్యం అమ్ముకోవడమూ తప్పు కాదు. తడిని అడుగున దాచడమే తప్పు. కల్లంలో వడ్లు పోసి, తేమ ఎంత ఉందంటారోనని గుండె చిక్కబట్టుకుని కూర్చునే మన రైతుకు ఈ హదీసును, అంటే ప్రవక్త మాటను, విడమరిచి చెప్పనక్కర్లేదు. సహీహ్ ముస్లిం గ్రంథంలో నమోదైన ఈ చిన్న సంఘటనలో ఇస్లాం నిషేధాల గుట్టంతా ఉంది.

నిషేధాలు కొన్నే

అరబ్బీలో హరాం అంటే నిషిద్ధం. పవిత్రమైనది, ఉల్లంఘించకూడనిది అన్న అర్థమూ ఆ ధాతువులోనే ఉంది. మక్కాలో కాబా చుట్టూ ఉన్న మసీదును మస్జిదుల్ హరాం అనడం అందుకే. మనిషి చేసే పనులను ధర్మశాస్త్రజ్ఞులు ఐదు రకాలుగా విడదీశారు. తప్పక చేయాల్సింది ఫర్జ్. చేస్తే పుణ్యం దక్కేది ముస్తహబ్. చేసినా మానినా ఒకటే అయినది ముబాహ్. మానితే మేలనిపించేది మక్రూహ్. చేయనే కూడనిది హరాం. లోక వ్యవహారాల్లో దేన్నైనా హరాం అనాలంటే ఆధారం చూపాలి. ఆధారం లేకపోతే అది అనుమతించినట్టే.

తిండి విషయంలో ఖురాన్ ముఖ్యంగా నాలుగింటిని వద్దంది: చచ్చిన జంతువు, కారిన రక్తం, పంది మాంసం, అల్లా పేరున కాక మరొకరి పేరున కోసినది. ఆ వెంటనే మినహాయింపూ ఇచ్చింది. ఆకలితో ప్రాణం మీదికొచ్చినవాడు బతకడానికి సరిపడా తింటే పాపం లేదు. మద్యం మీద నిషేధం కూడా ఒక్క దెబ్బన రాలేదు. అందులో లాభం కన్నా పాపమే పెద్దదని మొదట చెప్పారు. మత్తులో ఉండగా నమాజుకు రావద్దని తర్వాత అన్నారు. ఆఖరికి జూదంతో కలిపి పూర్తిగా మానమన్నారు. అలవాటుపడ్డ మనిషిని మెల్లగా ఒడ్డుకు తెచ్చిన తీరు ఇది.

తక్కెడ, తోట, గోదాము

ఖురాన్‌లో 83వ సూరాకు అల్ ముతఫ్ఫిఫీన్ అని పేరు. అంటే తూకంలో కొట్టేసేవాళ్లు. తమకు రావాల్సింది నిండుగా కొలిపించుకుని, ఇవ్వాల్సింది తగ్గించి ఇచ్చేవాళ్లకు ఇందులో గట్టి హెచ్చరిక ఉంది. పవిత్ర గ్రంథంలో ఒక అధ్యాయానికి తూకం దొంగల పేరు పెట్టారంటే ఆ తప్పును ఎంత పెద్దదిగా ఎంచారో అర్థమవుతుంది.

కాయ పక్వానికి వచ్చే జాడ కనబడకముందే చెట్టు మీది పంటను అమ్మొద్దన్నారు ప్రవక్త. దేవుడు ఆ కాయను చేతికి రానివ్వకపోతే తోటివాడి సొమ్ము ఏ హక్కుతో తీసుకుంటావన్నది ఆయన ప్రశ్న. మామిడి తోటను పూత మీదే బేరం పెట్టే మన ఊళ్లలో, గాలివానకు పిందె రాలిపోయాక ఆ నష్టం ఎవరిదన్న తగవులు చూసినవారికి ఈ ప్రశ్న బరువు తెలుస్తుంది. ఇలా చేతికి వస్తుందో రాదో తెలియనిదాన్ని అమ్మడాన్ని గరర్ అంటారు. ధర పెరగాలని తిండిగింజలు గోదాములో దాచడం ఇహ్తికార్. కొనే ఉద్దేశం లేకుండా పాట పెంచడం నజష్. ఇవన్నీ నిషిద్ధాలే. ఒక్కో పేరు వెనక మోసపోయిన మనిషి ఒకడుంటాడు.

వడ్డీ ‘తినడం’

మనం ‘లంచం తిన్నాడు’ అంటాం. ఖురాన్ వడ్డీకి ఆ క్రియనే వాడింది. వ్యాపారాన్ని అనుమతించి వడ్డీని, అంటే రిబాను, నిషేధించింది. వ్యాపారి లాభంతో పాటు నష్టాన్నీ మోస్తాడు. వడ్డీకిచ్చినవాడికి మాత్రం అవతలివాడి పంట మునిగినా, కొట్టు కాలినా నెల తిరిగేసరికి డబ్బు రావాల్సిందే. నష్టమంతా ఒకడి నెత్తినే పడే ఈ ఏర్పాటునే ఇస్లాం కాదంది.

632లో చివరి హజ్ యాత్రలో, అరఫాత్ మైదానంలో ప్రవక్త పాత వడ్డీలన్నీ రద్దు చేశారు. మొదట రద్దు చేసింది సొంత పినతండ్రి అబ్బాస్‌కు రావాల్సిన వడ్డీని. అప్పుపడినవాడు ఇబ్బందుల్లో ఉంటే తేరుకునేదాకా గడువివ్వాలని, మాఫీ చేస్తే ఇంకా మేలని ఖురాన్ చెబుతుంది. వడ్డీ తీసుకున్నవాడితో పాటు ఇచ్చినవాడికీ, పత్రం రాసినవాడికీ, ఇద్దరు సాక్షులకూ ఆ పాపంలో పాలుందని హదీసు.

వడ్డీ రాజ్యాలనే వంచగలదని హైదరాబాద్ చరిత్ర చెబుతుంది. నిజాం ప్రభుత్వం విలియం పామర్ కంపెనీ దగ్గర ఏటా నూటికి 24, 25 వడ్డీకి అప్పులు చేసింది. 1823లో ఆ బాకీ తీర్చడానికి, ఉత్తర సర్కారుల మీద, అంటే మన కోస్తా జిల్లాల మీద, ఈస్టిండియా కంపెనీ ఏటా చెల్లించే 7 లక్షల రూపాయల పేష్కష్‌ను, అంటే కప్పాన్ని, సుమారు 1 కోటి 16 లక్షలకు నిజాం ప్రభుత్వం శాశ్వతంగా వదులుకుంది.

మన దేశంలో వడ్డీలేని బ్యాంకింగ్ విభాగాలు తెరవవచ్చని రిజర్వ్ బ్యాంకుకు దీపక్ మొహంతి కమిటీ 2015లో సూచించింది. ఆ ప్రతిపాదనతో ముందుకెళ్లకూడదని బ్యాంకు 2017లో నిర్ణయించుకుంది. కాబట్టి భక్తిపరులైన ముస్లింలు తమకు తోచిన దారి వెతుక్కుంటున్నారు. మా వీధి దర్జీ పాస్‌బుక్కులో వడ్డీ పడ్డ చోటల్లా పెన్సిల్‌తో గీత పెడతాడు. ఆ మొత్తాన్ని లెక్కగట్టి పేదలకిస్తాడు. దానికి పుణ్యం కూడా ఆశించకూడదట. ‘‘ఎందుకు చాచా ఈ గీతలు?’’ అని అడిగాను. ‘‘నా ఖాతాలో పడింది గానీ నాది కాదు బాబూ’’ అన్నాడు.

దివాలా తీసినవాడు

నిషేధం ఉన్నంతమాత్రాన అందరూ పాటిస్తున్నారని కాదు. వరుడే వధువుకు మహర్ అనే పెళ్లి కానుక ఇవ్వాలన్న ధర్మంలోనే వరకట్నం చొరబడింది. పంది మాంసం పేరెత్తితేనే చెవులు మూసుకునేవారు, పక్కవాడి మీద చాడీలు చెప్పడానికి జంకని సందర్భాలుంటాయి. ఖురాన్ చాడీని చచ్చిన సోదరుడి మాంసం తినడంతో పోల్చింది. హరాం తిండి అనేది పళ్లెంలోనే కాదు, నోటి మాటలోనూ ఉంటుందన్నమాట.

దివాలా తీసినవాడెవడో తెలుసా అని ప్రవక్త ఒకసారి సహచరులను అడిగారు. డబ్బూ సామానూ లేనివాడన్నారు వాళ్లు. కాదన్నారాయన. నమాజులు, ఉపవాసాలు, జకాత్ దానాలు మూటగట్టుకుని తీర్పు దినాన వచ్చినా, ఒకరిని తిట్టి, ఒకరిని కొట్టి, ఒకరి సొమ్ము తిని ఉంటే అతడి పుణ్యమంతా వాళ్లకే పంచేస్తారట. పుణ్యం చాలకపోతే వాళ్ల పాపాలు తెచ్చి ఇతడి నెత్తిన వేస్తారట. దేవుడి పట్ల చేసిన లోపాన్ని దేవుడు క్షమించవచ్చు. తోటి మనిషి హక్కు, అంటే హక్కుల్ ఇబాద్, ఆ మనిషే వదులుకోవాలి.

కర్నూలులో ఒక జనాజా చూశాను. నమాజుకు వరసలు కట్టారు. ఇమాం ఇంకా మొదలుపెట్టలేదు. చనిపోయినాయన పెద్దకొడుకు ముందుకొచ్చి అందరి వైపు తిరిగాడు. ‘‘మా నాన్న మీలో ఎవరికైనా బాకీ ఉంటే నాకు చెప్పండి, నేను తీరుస్తాను. ఎవరి మనసైనా నొప్పించి ఉంటే మన్నించండి’’ అన్నాడు. గొంతు వణికింది. వెనక వరసలోంచి చెప్పుల కొట్టు ముసలాయన చెయ్యెత్తాడు. ‘‘నాకు మూడొందలు రావాలి బేటా. మాఫ్ చేశాను’’ అన్నాడు.

అప్పుడు నమాజు మొదలైంది.