ఫొటో వెనుక చిరునామా

పూర్వము ఫొటో వెనుక ఊరు, తేదీ పెన్నుతో వ్రాసి దాచుకొనేవారము. ఇప్పుడు ఆ పని సెల్‌ఫోనే చేస్తున్నది, అదీ మనకు చెప్పకుండా. కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే, ఫొటో తీసిన చోటి అక్షాంశ రేఖాంశాలు ఆ ఫొటోలోనే అంకెలుగా చేరతాయి. ఆరుబయట తీసినదైతే తేడా కొద్ది మీటర్లే, ఇల్లు తెలిసిపోయినట్లే.

వైరస్ నిరోధక సాఫ్ట్‌వేర్‌తో పేరుపొందిన జాన్ మెకాఫీ 2012లో బెలీజ్ పోలీసులకు దొరకకుండా తిరిగాడు. డిసెంబరులో వైస్ పత్రిక ఆయన ఫొటోను ఇంటర్నెట్‌లో పెట్టింది. ఆయన గ్వాటెమాలాలో ఉన్నట్లు అందులోని అంకెలు చెప్పేశాయి. కొద్ది రోజులలోనే అక్రమ ప్రవేశము క్రింద అక్కడ అరెస్టయ్యాడు.

ఆయన సంగతి అలా ఉంచి మన పిల్లల సంగతి చూద్దాము. వాకిట్లో ఆడుకొనే పాప ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ అంకెలు తొలగిపోతాయి. స్పష్టంగా ఉంటుందని డాక్యుమెంటుగా పంపితే మాత్రం ఇంటి గుర్తుతో సహా వెళ్తుంది. ఈ తేడా మాకూ ఆలస్యంగానే తెలిసింది. కెమెరా సెట్టింగులలో లొకేషన్ ఆపవచ్చును గాని, పాత ఫొటోలలో చేరినది దానితో పోదు, విడిగా తీసివేయాలి.

అయితే తాతగారి పొలం గట్టు, అమ్మమ్మ పుట్టిన ఇల్లు వంటి ఫొటోలలో ఆ గుర్తును మేము ఉంచుకొన్నాము. అవి మన దగ్గరే ఉండేవి కదా.