నీటమునుగువారి గణకయంత్రము

పెన్న యొడ్డున నున్నను నీటికన్న నిసుకనే యెక్కువగా జూచు మా పామిడివారికి సముద్రమున మునుగుట వింతగా దోచును. అయినను నేడు మన బిడ్డలు విశాఖపట్టణపు రుషికొండ యొద్దను, అండమాను దీవులలోను గాలిసీసా వీపున గట్టుకొని మునుగుచున్నారు. వారికి డైవ్ కంప్యూటరు కొనియిచ్చు తల్లులు దాని గుణము లెఱుగుట మేలని మా తలంపు.

సముద్రమున ప్రతి 10 మీటర్ల లోతునకును వాయుమండలమంత యొత్తిడి హెచ్చును. అందుచే పీల్చిన గాలిలోని నత్రజని నెత్తుటను కండలను కరగును. తొందరగా పైకి వచ్చినచో, సోడాబుడ్డి తెఱచినట్లు, అది బుడగలై కీళ్లనొప్పిని, ఒక్కొక్కప్పుడు పక్షవాతమును, మరణమును గూడ దెచ్చును. 1908లో హాల్డేను పండితుడు దీనికి పట్టికలు గూర్చెను. మణికట్టున గట్టు నీ యంత్రము లోతును కాలమును గనిపెట్టి యా లెక్కను క్షణక్షణము వేయుచుండును.

అంకెలు పెద్దవై మసకనీటను గానవలెను. వేగముగా పైకి వచ్చిన హెచ్చరింపవలెను. 5 మీటర్లకడ 3 నిమిషము లాగుటను లెక్కింపవలెను. ఆమ్లజని హెచ్చుగా గల నైట్రాక్సునకు దిద్దుకొను వీలుండవలెను. బాటరీ సులభముగా దొరకవలెను. రంగులతెర కొత్తవారి కక్కఱలేదు.

ఇద్దఱికి నొకటి చాలునని పొదుపు చేయరాదు. ఇరువురి లోతులు నొకటి గావు. పలుమాఱు మునిగినవారు కనీసము 18 గంటలు విమాన మెక్కరాదు. సెలవు చాలదని బిడ్డలు తొందరపడినను, తిరుగుప్రయాణపు టిక్కెట్టు కొనునపుడే తల్లులు దీనిని జ్ఞప్తియం దుంచుకొనవలెను.