దడి లోపల కోడి

హుజూరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో పెరట్లో నాలుగు కూరగాయలు పెట్టుకున్నవాళ్లకు కోడంటే పగ. పొద్దున్నే పుంటికూర గింజలు చల్లి, నీళ్లు పోసి, లోపలికి పోయొచ్చేలోపు పక్కింటి పెట్ట మడంతా కెలికి పారేస్తుంది. అందుకే పత్తి కట్టెతోనో కంది కట్టెతోనో దడి కడతారు. తోట లోపల, కోడి బయట. మొలకలున్నప్పుడు ఇది సరైన ఏర్పాటే. ఏడాది పొడుగునా అలాగే ఉంచడం వల్ల మాత్రం కూలి అడగని పనిమనిషిని గుమ్మం దగ్గరే ఆపేసినట్టవుతుంది. కెలకడం లాభమా నష్టమా అన్నది కోడి ఏ నెలలో మడిలోకి వచ్చిందన్న దాన్నిబట్టే తేలుతుంది.

కోడి మేసేటప్పుడు కాసేపు నిలబడి చూడండి. ఒక కాలితో మట్టిని వెనక్కి గీరుతుంది, రెండో కాలితో గీరుతుంది, ఒక అడుగు వెనక్కి వేసి తల వంచి చూస్తుంది, కనపడ్డదాన్ని ఏరుకు తింటుంది. మళ్లీ గీరుతుంది. ఇలా పైనున్న రెండు మూడు అంగుళాల మట్టి తిరగబడుతుంది. కలుపు గింజలు ఎక్కువగా మొలిచేది ఆ పొరలోనే. పురుగులు దాక్కునేదీ దాదాపు అక్కడే. పొగాకు లద్దె పురుగు, శనగపచ్చ పురుగు ఆకులూ కాయలూ తిని బలిశాక మొక్క దిగి మట్టిలో కోశం కట్టుకుంటాయి. బీర, కాకర, దోస కాయలను కుళ్లబెట్టే పండు ఈగ కథా అంతే. కాయలోని పురుగు నేలరాలి, మట్టిలో దూరి, ఈగై పైకొస్తుంది. పుచ్చిన కాయలు ఏరి గట్టు మీద పడేస్తే ఆ ఈగలను మనమే పెంచినట్టు. ఏరినవి ఏరినట్టే కోళ్లకు వేస్తే ఆ ఈగల సంతతి చాలావరకు అక్కడే ఆగిపోతుంది.

అలాగని కోళ్లను వదిలితే పురుగుమందు అక్కర్లేదని చెప్పేవాళ్లను నమ్మకండి. వాటికి మిత్రపురుగు, శత్రుపురుగు అన్న తేడా తెలియదు. లద్దె పురుగు కోశాన్ని తిన్న నోటితోనే వానపామునూ సాలీడునూ తింటాయి. తుంగ ఆకులు తెంపుతాయి గానీ లోపలి గడ్డ జోలికి పోవు. గరిక వేళ్లతోనూ అంతే. తుంగ పట్టిన మడిని పారతో తవ్వి గడ్డలు ఏరాల్సిందే.

మన దగ్గర కోళ్లను మడిలోకి తోలడానికి అనువైన కాలం ఏప్రిల్ నుంచి మే నడుమ దాకా. యాసంగి కూరగాయలు అయిపోయి మడులు ఖాళీగా ఉంటాయి, మిరుగానికి ఇంకా వ్యవధి ఉంటుంది. చెలక నేలైతే ఇబ్బంది లేదు. నల్లరేగడి ఎండిందంటే రాయిలా బిగుసుకుంటుంది, దాన్ని కోడి గోరు ఏమీ చేయలేదు. ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లి, పైన వరిగడ్డి, ఎండుటాకులు, కూరగాయల తొక్కులు పరచి, పిడికెడు నూకలో జొన్నలో విసరాలి. ఎక్కడ విసిరితే అక్కడే కెలుకుతాయి కాబట్టి కోళ్లను నడిపించే పగ్గం ఆ పిడికిట్లోనే ఉంది. ఇక ఎండ సంగతి. కరీంనగర్ వైపు మే నెలలో 44 డిగ్రీలు దాటడం కొత్త కాదు. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దానికి తెలిసిన ఉపాయం. పొద్దున తొమ్మిది దాకా, మళ్లీ ఎండ చల్లబడ్డాక మడిలో ఉంచి, మిగతా పూట చెట్టు కిందికి తోలాలి. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

కోళ్లు కావలసిన చోటే ఉండాలంటే అడుగు లేని గూడు కావాలి. పిల్లల కోడి మీద గంప బోర్లించి, పూటకో చోటికి జరపడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. దాన్నే పెద్దది చేసి, ‘చికెన్ ట్రాక్టర్’ అని పిలుస్తూ 1994లో ఆండీ లీ అనే అమెరికన్ ఒక పుస్తకమే రాశాడు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున వెదురుతో చట్రం కట్టి, చుట్టూ జాలీ బిగించి, పైన సగం తడక కప్పితే నాలుగైదు పెట్టలకు సరిపోతుంది. ఇద్దరు ఎత్తి జరపగలిగేంత తేలికగా ఉండాలి. ఒక మడి మీద వారం ఉంచి పక్క మడికి జరుపుకుంటూ పోవచ్చు.

కెలకడం సగం పనే, రెట్ట మిగతా సగం. ఒక పెట్ట రోజుకు సుమారు నూరు గ్రాముల రెట్ట వేస్తుంది. అంటే ఐదు పెట్టలు అరకిలో. పశువుల ఎరువులో నత్రజని సుమారు 0.5 శాతమైతే కోడి ఎరువులో 3 శాతం దాకా ఉంటుంది, భాస్వరం కూడా ఎన్నో రెట్లు ఎక్కువ. కోడికి మూత్రం వేరుగా రాదు, రెట్టలోని తెల్లటి భాగమే అది. అందులోని యూరిక్ ఆమ్లం తొందరగా అమ్మోనియాగా మారుతుంది. పచ్చి రెట్ట మొదలు దగ్గర వేస్తే మొక్క మాడిపోయేది అందుకే. గూట్లో పడ్డ రెట్టను ఊకతోనో వరిగడ్డితోనో కలిపి కుప్ప వేసి, బాగా మాగాక వాడుకోవాలి.

మడిలోనే పడ్డ రెట్టకు గడువు లెక్క వేరు. అందులో సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవులు ఉండొచ్చు. అమెరికా సేంద్రియ నిబంధనల ప్రకారం పచ్చి ఎరువు మట్టిలో కలిపాక, నేలను తాకే పంటైతే కోతకు 120 రోజులు, తాకనిదైతే 90 రోజులు ఆగాలి. మే 15న కోళ్లను బయటికి తోలి మట్టి కలిపేస్తే, పందిరి మీది బీర, కాకర ఆగస్టు 13 నుంచి కోసుకోవచ్చు. ఆకుకూరలైతే సెప్టెంబరు 12 దాటాలి. పుంటికూర ఎలాగూ ఉడికించే తింటాం కదా అనుకోవచ్చు, కానీ కొత్తిమీర పచ్చిదే చల్లుకుంటాం. వానాకాలం తొలి ఆకుకూరలకు కోళ్లు తిరగని మడి ఒకటి వేరుగా ఉంచుకోవడమే సులువు.

మొలకలొచ్చాక దడి మూసెయ్యాలి. పందిరెక్కిన తీగలు, మునగ, జామ, కరివేపాకు ఉన్నచోటికి మాత్రం పొద్దుగూకడానికి గంట ముందు కోళ్లను వదలొచ్చు. చీకటి పడేసరికి వాటంతట అవే గూటికి చేరతాయి కాబట్టి పాడుచేసే వ్యవధి ఉండదు. మొదళ్ల చుట్టూ నాలుగు రాళ్లు పేరిస్తే వేళ్లు బయటపడవు. గుంటకు నాలుగైదు పెట్టలు చాలు, అంతకు మించితే నేల బోడిదవుతుంది.

ఈ పనికి నాటుకోడిని మించింది లేదు. గుడ్లు కూడా ఎక్కువ కావాలంటే రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ ఉన్నాయి. వంగర వాసి పీవీ నరసింహారావు పేరు పెట్టుకున్న పశువైద్య విశ్వవిద్యాలయం వారి రాజశ్రీ కూడా ఉంది. ఈ రకాల కోడిపిల్లలను నాలుగైదు వారాలు వెచ్చగా సాకి అప్పుడు బయటికి వదలాలి. కొక్కెర తెగులుకు ఏడో రోజున లసోటా చుక్కలు, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ టీకా తప్పనిసరి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన ప్రమాదం ఇంకొకటుంది. హుజూరాబాద్, జమ్మికుంట వైపు విత్తన వరి ఎక్కువ. మందు పట్టించిన రంగు వడ్లు మిగిలితే కోళ్లకు వెయ్యొద్దు. కార్బోఫ్యూరాన్ గుళికలు పక్షులకు విషం, గింజనుకొని ఏరుకు తింటాయి. అవి చల్లిన పొలం గట్టు పెరటికి ఆనుకొని ఉంటే ఆ వైపు దడి గట్టిగా కట్టాలి. విత్తనాలు, మందులు వచ్చిన సంచుల్లో నూకలుగానీ తౌడుగానీ పోసి పెట్టకూడదు.