ఇంజిన్ పక్కకు తిరిగింది, ఇంటిల్లిపాదికీ చోటొచ్చింది

అంబాసిడర్ వెనక సీట్లో నడుమ కూర్చునే వంతు ఎప్పుడూ ఇంట్లో చిన్నవాళ్ళదే. అక్కడ కాళ్ళు పెట్టుకోవడానికి చదునైన నేల ఉండదు. ముందు నుంచి వెనక్కి పొడుగ్గా ఒక మిట్ట సాగుతుంది. దాని కింద గిర్రున తిరిగేది ప్రొపెల్లర్ షాఫ్ట్ అనే ఉక్కు గొట్టం. ముందున్న ఇంజిన్ శక్తిని వెనక చక్రాలకు అందించే పని దానిది. 1958 నుంచి 2014 దాకా కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పారాలో తయారైన ఆ కారుకే కాదు, ఒకప్పటి సెడాన్లలో చాలావాటికి ఆ మిట్ట తప్పలేదు.

పిల్లలు ఎదిగి, అమ్మానాన్నలు వచ్చి కలిశాక సెడాన్ అమ్మేసి ఏడుగురు పట్టే బండి కొనుక్కునే కుటుంబాలు ఇవాళ ఊరూరా కనిపిస్తాయి. ఆ బండిలో అదనంగా దొరికే చోటంతా పొడవు పెంచడం వల్ల వచ్చిందేమీ కాదు. మారుతి 2012లో తెచ్చిన ఏడు సీట్ల ఎర్టిగా పొడవు 4,265 మిల్లీమీటర్లు. అదే కంపెనీ అప్పట్లో అమ్ముతున్న అయిదు సీట్ల సెడాన్ ఎస్‌ఎక్స్4 పొడవు 4,490. పొట్టి బండిలో ఇద్దరు ఎక్కువ! మనుషుల కిందా వాళ్ళ మధ్యా ఉన్న యంత్రాలను ఒక్కొక్కటిగా పక్కకు జరపడం వల్ల పుట్టిన చోటు అది. జరపడానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది.

తొలి గట్టి ప్రయత్నం విమానాల మనిషిది. లోహ విమానాల నిర్మాణంలో పేరు తెచ్చుకున్న అమెరికన్ ఇంజనీరు విలియం స్టౌట్, 1930లలో 'స్కారబ్' అనే వాహనం తయారుచేశాడు. ఫోర్డ్ వీ8 ఇంజిన్‌ను తీసుకెళ్ళి వెనక పెట్టాడు. షాఫ్ట్ అవసరం లేకపోవడంతో నేల చదునైంది. లోపల సీట్లను అటూ ఇటూ జరుపుకోవచ్చు, మధ్యలో బల్ల వేసుకోవచ్చు. ధర సుమారు 5,000 డాలర్లు. ఆర్థిక మాంద్యంలో అంత పెట్టగలిగిన వాళ్ళు ఎందరు? తయారైనవి పదిలోపే.

యుద్ధం ముగిశాక డచ్ వ్యాపారి బెన్ పాన్ 1947లో తన నోటుపుస్తకంలో ఒక పెట్టెలాంటి బండి బొమ్మ గీశాడు. 1950లో అది ఫోక్స్‌వాగన్ వ్యానుగా రోడ్డెక్కింది. 1956లో ఇటలీలో దాంతే జకోజా రూపొందించిన ఫియట్ 600 మల్టిప్లా ఇంకా ఆశ్చర్యం. సుమారు మూడున్నర మీటర్ల పొడవులో మూడు వరుసలు, ఆరుగురు మనుషులు. ఈ రెండింటిలోనూ ఇంజిన్ వెనకే. చోటు బాగానే దొరికింది కానీ డ్రైవరు ముందు చక్రాల మీదికి వచ్చేశాడు. ఎదురుగా ఏదైనా వచ్చి గుద్దితే అతని మోకాళ్ళకూ దానికీ మధ్య ఉన్నది రేకు మాత్రమే.

ఇంజిన్ ముందే ఉండాలి, షాఫ్ట్ మాత్రం ఉండకూడదు. అంటే ముందు చక్రాలనే తిప్పాలి. ఇక్కడే యాంత్రికశాస్త్రం అడ్డుపడింది. ముందు చక్రాలు స్టీరింగ్‌తో పాటు పక్కలకు తిరుగుతాయి. అలా ఒంపు తిరిగిన చక్రానికి మామూలు యూనివర్సల్ జాయింటు ద్వారా శక్తి పంపితే, ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం హెచ్చి రెండుసార్లు తగ్గుతుంది. ఒంపు పెరిగేకొద్దీ ఈ హెచ్చుతగ్గు పెరిగి స్టీరింగ్ చేతిలో అదురుతుంది. దీనికి విరుగుడు 1920లలోనే ఆల్ఫ్రెడ్ రజెప్పా అనే ఇంజనీరు కనిపెట్టాడు. లోపలి గిన్నెకూ బయటి గిన్నెకూ గాడులు కోసి, వాటి నడుమ ఆరు ఉక్కు గుండ్లు అమర్చాడు. రెండు కడ్డీల మధ్య కోణం ఎంతున్నా గుండ్లు ఎప్పుడూ దాన్ని సరిసగం చేసే తలంలోనే నిలుస్తాయి. అందువల్ల అటు ఎంత వేగమో ఇటూ అంతే. ఇవాళ మెకానిక్కులు సీవీ జాయింట్ అని పిలిచేది, రబ్బరు బూటు చిరిగితే మలుపుల్లో టకటకమని చప్పుడు చేసేది ఈ జాతిదే. కుటుంబాల ప్రయాణ చరిత్రలో దీనికి దక్కాల్సిన గౌరవం దక్కలేదు.

ఆ జాయింటును చవక కారులోకి తెచ్చినవాడు బ్రిటన్‌లో అలెక్ ఇసిగోనిస్. సూయజ్ సంక్షోభంతో పెట్రోలుకు కటకట వచ్చాక, చిన్న కారు గీయమని అతనికి పని అప్పగించారు. 1959లో వచ్చిన మినీ పొడవు మూడు మీటర్లే. నిలువుగా ఉండే ఇంజిన్ వరసను అతను అడ్డంగా తిప్పి, గేర్లను దాని కింది నూనె తొట్టిలోనే సర్దేశాడు. మల్టిప్లా గీసిన జకోజా అక్కడితో ఆగలేదు. 1964 నాటి ఆటోబియాంకీ ప్రిములాలో గేర్‌బాక్సును ఇంజిన్ కింద కాకుండా దాని చివరన తగిలించాడు. ఇవాళ ముందు చక్రాలతో నడిచే పెట్రోలు, డీజిలు కార్లలో అత్యధికం ఆ అమరికనే పాటిస్తున్నాయి.

ఇక అమెరికా. అక్కడ పెద్ద కుటుంబాల బండి అంటే స్టేషన్ వాగన్. వాటిలో కొన్ని అయిదున్నర మీటర్లు దాటాయి, అయినా నేల కింద షాఫ్ట్ తిరుగుతూనే ఉండేది. ఫోర్డ్ కంపెనీలో హాల్ స్పెర్లిక్ అనే రూపకర్త చిన్న వ్యాను తయారుచేద్దామని పట్టుబట్టాడు. యాజమాన్యం ఒప్పుకోలేదు. చివరికి అతని ఉద్యోగం కూడా పోయింది. 1977లో క్రైస్లర్‌లో చేరాడు. మరుసటి ఏడాది ఫోర్డ్ నుంచే ఉద్వాసన పొందిన లీ అయకోకా వచ్చి అతనితో కలిశాడు. అప్పటికి క్రైస్లర్ దివాలా అంచున ఉంది. 1980 జనవరిలో 150 కోట్ల డాలర్ల అప్పులకు అమెరికా ప్రభుత్వం హామీ ఇచ్చే చట్టం మీద అధ్యక్షుడు కార్టర్ సంతకం చేశాకే కంపెనీకి ఊపిరి వచ్చింది. అంత ఇరుకులో కొత్త రకం వాహనం మీద డబ్బు పెట్టడం తెగువే.

వాళ్ళ చేతిలో ఉన్నది అడ్డ ఇంజిన్ గల మామూలు సెడాన్, 'కే-కారు'. దాని యంత్రభాగాల మీదే వ్యాను కట్టారు. కొనేవాళ్ళు ఏం కోరతారో ముందే రాసుకున్నారు. ఇంటి గ్యారేజీలో పట్టే ఎత్తు, చీర గానీ స్కర్టు గానీ కట్టుకున్నవాళ్ళు ఇబ్బంది లేకుండా అడుగుపెట్టేంత కిందుగా నేల, గుద్దుకున్నప్పుడు దెబ్బ కాచుకునేందుకు ముందున ఇంజిన్ గల ముక్కు. అసలు కోరికల్లో చీర లేకపోవచ్చు కానీ, తర్వాతి కాలంలో అమెరికా వెళ్ళిన తెలుగు అమ్మమ్మలకూ నాయనమ్మలకూ ఆ కిందున్న నేలే మోకాళ్ళను కాపాడింది. 1983 నవంబరు 2న కెనడాలోని విండ్సర్ కర్మాగారం నుంచి తొలి బండి బయటికొచ్చింది. డాడ్జ్ కారవాన్, ప్లిమత్ వాయేజర్ అని రెండు పేర్లు. పొడవులో కే-కారుకు ఇంచుమించు సమానం.

మరి అదే పొడవులో మూడు వరుసలు ఎలా పట్టాయి? జవాబు కూర్చునే తీరులో ఉంది. పీట మీద కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముందుకు చాపుకోవాలి, కుర్చీలో కూర్చున్నవాళ్ళ కాళ్ళు కిందికి దిగుతాయి. సెడాన్ సీటు నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఒక్కో వరుస ఎక్కువ నిడివి తింటుంది. కప్పు ఎత్తు పెంచి, సీటు ఎత్తు పెంచితే పిక్కలు నిలువుకు వస్తాయి. వరుసకు కొన్ని అంగుళాలు మిగిలితే మూడో వరుస పుడుతుంది.

మినీవాన్ అనిపించుకున్న ఈ క్రైస్లర్ బండ్లు తొలి ఏడాదే రెండు లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. ఐరోపాలో అనుభవం వేరు. 1984లో ఇదే తరహా రెనో ఎస్పాస్ వచ్చిన మొదటి నెలలో కొన్నవాళ్ళు తొమ్మిది మంది, ఆ తర్వాతే అది నిలదొక్కుకుంది. అమెరికాలో మినీవాన్‌కు చట్టం కూడా తోడైంది. ఇంధన పొదుపు నిబంధనల్లో దాన్ని కారుగా కాక తేలికపాటి ట్రక్కుగా లెక్కించారు. ట్రక్కులకు నిబంధన సడలింపు ఎక్కువ. స్టేషన్ వాగన్‌కు ఆ వెసులుబాటు లేదు.

కింద షాఫ్ట్ లేకపోవడం వల్ల ఇంకో లాభం తర్వాత బయటపడింది. నేలలోనే గుంత చేసి సీటును దాచేయవచ్చు. హోండా 1995 ఒడిస్సీలో మూడో వరుసను అలా మడిచింది. క్రైస్లర్ 2005 మోడల్‌లో రెండో వరుసను కూడా నేలలోకి దించింది. అందుకోసం నాలుగు చక్రాలూ తిరిగే రకాన్ని అప్పట్లో వదులుకుంది. వెనక చక్రాలకు వెళ్ళే షాఫ్ట్, సీట్ల గుంత ఒకే చోటు కోసం పోటీపడ్డాయి మరి.

విండ్సర్ బండి వచ్చిన సరిగ్గా ఆరు వారాలకు, 1983 డిసెంబరు 14న, ఢిల్లీలో తొలి మారుతి 800 తాళాలు యజమాని చేతికందాయి. అడ్డ ఇంజిన్, ముందు చక్రాల నడక అలా ఇక్కడి మధ్యతరగతి ఇళ్ళకు వచ్చాయి. కుటుంబాల పెద్ద బండి మాత్రం వేరే దారి తొక్కింది. బెంగళూరు దగ్గరి బిడదిలో టయోటా తయారుచేసిన క్వాలిస్ 2000లో, ఇన్నోవా 2005లో వచ్చాయి. రెండూ లారీలాగా నిచ్చెన ఛాసీ మీద కట్టినవి, వెనక చక్రాలతో నడిచేవి. గుంతల రోడ్లకూ, లక్షల కిలోమీటర్లు తిరిగే టాక్సీలకూ ఆ గట్టిదనం సరిపోయింది. ఛాసీ మందమంతా నేల కిందే ఉంటుంది కాబట్టి ఎక్కడానికి కాలు ఎత్తి వేయాలి. ఎర్టిగా వచ్చాకే కారు నిర్మాణం గల ఏడు సీట్ల బండి సామాన్యులకు అందింది. ఉమ్మడి అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర కియా కర్మాగారంలో 2022 నుంచి తయారవుతున్న కారెన్స్ ఆ దారిదే. ఇన్నోవా కూడా 2022 చివర్లో వచ్చిన హైక్రాస్‌తో నిచ్చెన వదిలి ముందు చక్రాలకు మారింది. ఎస్‌యూవీల గాలి ఎంత వీచినా, ఏడుగురిని సుఖంగా మోయడంలో ఈ కిందుగా ఉన్న బండ్లదే పైచేయి అని ఘంటాపథంగా చెప్పవచ్చు.

సెడాన్ నుంచి మారినవాళ్ళను మొదట నిరాశపరిచేది డిక్కీ. 2017 నాటి డిజైర్ సెడాన్‌లో 378 లీటర్ల సామాను పడుతుంది. 2018 ఎర్టిగాలో ఏడు సీట్లూ నిండితే మిగిలేది 209 లీటర్లు, మూడో వరుస మడిస్తే 550. అంటే అందరూ ఎక్కిన రోజున, సామాను ఎక్కువ కావలసిన రోజునే, డిక్కీ చిన్నది. అప్పుడు చాలామంది పైన క్యారియర్ బిగించి పెట్టెలన్నీ దాని మీదికి ఎక్కిస్తారు. అది ప్రమాదకరం. రెండు పక్కల చక్రాల మధ్య దూరాన్ని, గురుత్వకేంద్రం ఎత్తుకు రెట్టింపుతో భాగిస్తే వచ్చే అంకెతో బండి బోల్తాపడే అవకాశాన్ని అమెరికా రహదారి భద్రతా సంస్థ అంచనా వేస్తుంది. చక్రాల మధ్య దూరం ఒకటిన్నర మీటర్లు, గురుత్వకేంద్రం 55 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ఆ అంకె 1.36. ఎత్తు 70కి పెరిగితే 1.07కు పడిపోతుంది. అంకె తగ్గేకొద్దీ ముప్పు ఎక్కువ. సెడాన్‌తో అలవాటైన వేగంతోనే ఘాట్ రోడ్డు మలుపు తిప్పకూడదనడానికి కారణం ఇదే.

బరువు సంగతీ అంతే. ఒక్కొక్కరు 65 కిలోల చొప్పున ఏడుగురంటే 455 కిలోలు. బండి ఆపడానికి బ్రేకులు వేడిగా మార్చి వదిలించాల్సిన శక్తి బరువుతో పాటే పెరుగుతుంది, వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. వెనక టైర్ల మీద పడే భారం మరీ ఎక్కువ. డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కరు మీద చాలా బండ్లకు రెండు రకాల గాలి అంకెలు ఉంటాయి. ఒకటి మామూలు రోజులకు, రెండోది నిండు బండికి. తిరుపతికో, పెళ్ళికో మూడో వరుస దాకా నిండి బయల్దేరే ముందు, టైర్లు చల్లగా ఉండగానే, ఆ రెండో అంకె దాకా గాలి పట్టించాలి.